కామ్ పోర్టు అనే అబద్ధం

పాత వేబ్రిడ్జి ఇండికేటరు వెనకో, దుకాణంలో బిల్లు ప్రింటరు వెనకో రెండు మరలతో బిగించే తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టును చూడనివాళ్లు అరుదు. కంప్యూటరు దాన్ని కామ్ పోర్టు అంటుంది. దాని మూలం 1960 నాటి ఆర్‌ఎస్-232 ప్రమాణం. పరికరం ఒకచోట, దాన్ని చదవాల్సిన కంప్యూటరు వంద కిలోమీటర్ల అవతల ఉంటే అంత తీగ లాగలేం. అందుకే పరికరం పక్కన చిన్న పెట్టె పెట్టి నెట్‌వర్కుకు కలుపుతారు, ఇటు కంప్యూటరులో ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తారు. ఆ సాఫ్ట్‌వేర్ ‘ఇదిగో కామ్5’ అని ఆపరేటింగ్ సిస్టమ్‌ను నమ్మిస్తుంది. ఇరవై ఏళ్ల కిందటి ప్రోగ్రాము కూడా ఆ మాట నమ్మి, లేని పోర్టును తెరిచి, లేని తీగతో మాట్లాడుకుంటుంది. ఇంత ముచ్చటైన అబద్ధం కంప్యూటరు లోకంలో తక్కువే. కానీ తీగ మోసేవాటిలో ఒకదాన్ని మాత్రం ఈ అబద్ధం మోయలేదు. అది కాలం.

సీరియల్ తీగలో బైట్లొక్కటే ప్రయాణించవు. ‘నేను సిద్ధం’ అని చెప్పే డీటీఆర్, ‘పంపనా’ అని అడిగే ఆర్‌టీఎస్ వంటివాటికి విడి పిన్నులుంటాయి. బాడ్ రేటు, అంటే పంపే వేగం, ఎంతో రెండువైపులా ముందే ఒప్పుకోవాలి. నెట్‌వర్కులో వాడే టీసీపీ కనెక్షనులో వీటికి చోటు లేదు, అక్కడ ఉండేది బైట్ల వరస ఒక్కటే. 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2217 అనే ఇంటర్నెట్ పత్రం కొత్త దారి వేసే శ్రమ పడకుండా, దూరపు కంప్యూటరుతో మాట్లాడే పాత టెల్నెట్‌లోనే ఒక సందు వెతుక్కుంది. టెల్నెట్‌లో 255 అనే బైటు వస్తే తర్వాత వచ్చేది ఆజ్ఞ అని అర్థం. వేగాన్ని 9600కు పెట్టమని చెప్పడానికి ఇవతలి సాఫ్ట్‌వేర్ 255, 250, 44, 1, 0, 0, 37, 128, 255, 240 అని పది బైట్లు పంపుతుంది. 44 అంటే కామ్ పోర్టు సంగతి, 1 అంటే వేగం. 37ను 256తో హెచ్చించి 128 కలిపితే 9600. చివరి రెండూ ఆజ్ఞ ముగిసిందనడానికి. మరి పరికరమే తన డేటాలో 255 పంపితే? పంపేటప్పుడు దాన్ని రెండుసార్లు రాస్తారు, అందుకున్నవైపు ఒకటి కొట్టేస్తారు. అంతే! ఈ కిటుకు నాకు మహా ఇష్టం. పిన్నుల సంగతులు కూడా ఇదే పద్ధతిలో బైట్లుగా మారి చేరిపోతాయి.

ఇక మిగిలింది నిశ్శబ్దం. ఫ్యాక్టరీల్లో మీటర్లు మాట్లాడుకునే మోడ్‌బస్ ఆర్‌టీయూలో సందేశం ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తేదీ ఉండదు. మూడున్నర అక్షరాలు పట్టేంతసేపు తీగ మౌనంగా ఉంటే ముగిసినట్టు లెక్క. 9600 బాడ్ దగ్గర, అక్షరానికి 11 బిట్ల చొప్పున, అది సుమారు 4 మిల్లీసెకండ్లు. నెట్‌వర్కులో ఈ ఖాళీ బతికి బట్టకట్టదు. టీసీపీ రెండు సందేశాలను ఒకే ప్యాకెట్‌లో కుక్కవచ్చు, ఒకదాన్ని రెండుగా తుంచవచ్చు. ఇప్పటి నెట్‌వర్కులు అంత వేగంగా చేరవేస్తుంటే ఇంకా ఈ గోలేమిటని ఎవరైనా అడగవచ్చు. చిక్కు వేగంతో రాలేదు. ప్రతి బైటూ సరిగ్గా అర సెకండు ఆలస్యంగా వచ్చినా మధ్య ఖాళీలు చెక్కుచెదరవు. ఒకటి 1 మిల్లీసెకండులో వచ్చి, దాని వెనకది 40 తీసుకుంటేనే లెక్క తప్పుతుంది. చిన్న ముక్కలను కూడగట్టి పంపే నేగల్ పద్ధతి ఈ హెచ్చుతగ్గులను పెంచుతుంది. దాన్ని ఆపేసినా దారిలో రౌటర్ల దగ్గర క్యూలు ఉండనే ఉంటాయి.

దీనికి జవాబు రైల్వే రిలే రూముల్లో ఉంది.   రిలే రూములో ఉండే డేటా లాగర్ సిగ్నళ్లు, పాయింట్లు, ట్రాక్ సర్క్యూట్ల రిలేలను (విద్యుత్ స్విచ్చులను) 16 మిల్లీసెకండ్లకోసారి తడిమి చూస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఆ వ్యవధిలో కదిలేది 44 సెంటీమీటర్లు, మూరెడు కూడా కాదు. మార్పు కనబడగానే ఏ రిలే, పికప్ అయిందా డ్రాప్ అయిందా, ఎప్పుడు అన్నది అక్కడికక్కడే రాసుకుంటుంది. ఆ తర్వాతే సీరియల్ పోర్టు, మోడెమ్ మీదుగా కేంద్రంలోని ఫ్రంట్ ఎండ్ ప్రాసెసర్‌కు పంపుతుంది. ఎఫ్‌ట్రానిక్స్ ఇలాంటి లాగర్లు తయారుచేసే సంస్థల్లో ఒకటి. సమాచారం దారిలో రెండు సెకండ్లు నిలిచిపోయినా సిగ్నలు ఎర్రబడ్డాక బండి దాటిందా, దాటాక ఎర్రబడిందా అన్న ప్రశ్నకు జవాబు మారదు. కాలాన్ని మోసే పని తీగ మీద పెట్టలేదు కనుక, ఆ తీగ స్థానంలో ఏ నెట్‌వర్కు వచ్చినా నష్టం లేదు.

అసలు సీరియల్ పోర్టునే పారేసి అన్నిటికీ ఈథర్‌నెట్ పెట్టేస్తే సరిపోదా అన్నది మరో మాట. మోడ్‌బస్ టీసీపీ చేసింది అదే. కానీ అదీ నిశ్శబ్దాన్ని నమ్ముకోలేదు, సందేశం పొడవెంతో ముందే అంకె రాసింది. అంటే తీగ మార్చినంత మాత్రాన పని కాలేదు, కాలం మీద వదిలేసినదాన్ని అక్షరాల్లో పెట్టాల్సివచ్చింది. పైగా నిక్షేపంగా పనిచేస్తున్న వేబ్రిడ్జినీ, మీటరునూ ఒక పోర్టు కోసం ఎవరూ పారేయరు. 

డేటా లాగర్‌లో సమయం రాసే గడియారమే తప్పితే? ఈ పద్ధతికి గట్టి అభ్యంతరం ఇదొక్కటే. ఒక స్టేషనులో జరిగినవాటి వరస అప్పటికీ చెడదు, ఎందుకంటే అన్నిటికీ గడియారం ఒకటే. రెండు స్టేషన్ల రికార్డులను పక్కపక్కన పెట్టినప్పుడే అసలు చిక్కు. ఒకచోట గడియారం మూడు సెకండ్లు ముందుకు పోయిందంటే, అక్కడ లైన్ క్లియర్ (బండిని పంపవచ్చన్న అనుమతి) ఇవ్వకముందే అది అవతలి స్టేషనుకు అందినట్టు కాగితం చెబుతుంది.