ఇంటిచదువులకు ఉమ్మడిబడి

ఎనిమిది కుటుంబములు కలసి, తమ బిడ్డలకు తామే చదువు చెప్పుకొనవలెనని నిశ్చయించినవనుకొందము. ఆ యిండ్లలోని పిల్లలందరును కలిసి ఇరువదిమంది. ఒకరు ఉయ్యాల దిగని శిశువు. నలుగురు అక్షరములు దిద్దుకొనువారు. కొందరు భాగహారముతో పెనగులాడుచున్నవారు. ఇద్దరు బీజగణితము చేయు పదునైదేండ్లవారు. ఉన్నవి మూడు గదులు. ఉపాధ్యాయులందురా, తల్లులే, అప్పుడప్పుడొక తండ్రి. ఎవరిని ఎవరి సరసన కూర్చుండబెట్టవలెను? అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇంటిచదువుల కుటుంబములు నడుపుకొనుచున్న ఉమ్మడిబడులకు మొదట ఎదురగు ప్రశ్న ఇదియే. ఆ బడిని వారు ‘కో-ఆప్’ అని వ్యవహరింతురు.

ఇంటివద్ద చదువు చెప్పుట ఆ దేశమున కొత్త సంగతి కాదు గాని, అదియొక ఉద్యమముగా రూపొందినది 1970 తరువాతనే. రేమండ్ మూర్, డొరతీ మూర్ దంపతులు 1975లో ప్రకటించిన గ్రంథమున, పసిపిల్లలను తొందరపడి బడికి తోలరాదని వాదించిరి. బడులలో పనిచేసి వాటిపై ఆశ వదలుకొనిన జాన్ హోల్ట్ అను అధ్యాపకుడు 1977లో ఇంటిచదువుల కొరకే ఒక పత్రికను స్థాపించెను. మతవిశ్వాసమును పురస్కరించుకొని బడి మానిపించినవారు వీరి వెంట పెద్దసంఖ్యలో వచ్చి చేరిరి. 1993 నాటికి 50 రాష్ట్రములలోను ఈ పద్ధతి చట్టసమ్మతమయ్యెను. ప్రభుత్వ గణాంకముల ప్రకారము ఇంటివద్ద చదువుకొను పిల్లలు 1999లో సుమారు 8,50,000 మంది. 2012లో సుమారు 17,70,000 మంది. 2020లో మహమ్మారి వచ్చి బడులు మూతపడినప్పుడు ఈ సంఖ్య మఱింత పెరిగెను.

చదువులన్నియు ఇంటిలో కుదురునా? చదువుట, వ్రాయుట, లెక్కలు చేయుట చక్కగా కుదురును. నిజము చెప్పవలెనన్న, ఒక్క బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని అరగంటలో చెప్పగలిగిన గుణకారమును నలుబదిమంది తరగతిలో ఒక పూటలోనైనను చెప్పలేము. కాని నాటకమునకు పదిమంది కావలెను. బృందగానమునకు బృందము కావలెను. వాదమునకు ప్రతివాది కావలెను. రసాయన పరికరములు ఒక యింటికి భారము, పది యిండ్లకు తేలిక. అందుచేత కో-ఆప్ సామాన్యముగా వారమునకొక దినము, ఏ చర్చి హాలులోనో, అద్దెకు దొరకిన సమాజ మందిరములోనో సమావేశమగును. అద్దెయు, వస్తువుల ఖర్చును కుటుంబములు పంచుకొనును. చాల కో-ఆప్‌లలో బిడ్డను దింపి వెడలిపోవుటకు వీలులేదు. ఒక తల్లి పాఠము చెప్పును. ఒకరు ఆమెకు తోడుండును. మఱియొకరు పసిపిల్లల గదిని కనిపెట్టుకొని యుందురు. ఇంకొకరు వంటగది తుడుతురు.

వయసుల పంపకము ఇట్లుండును. మూడేండ్లలోపువారికి ఆటగది. నాలుగైదేండ్లవారికి పాటలు, కథలు, రంగులు, బంకమట్టి. ఆరు మొదలు ఎనిమిది వరకు ఒక విభాగము. తొమ్మిది మొదలు పదకొండు వరకు మఱియొకటి. పండ్రెండు దాటినవారు పెద్దలు. బడులలోవలె ఏటికొక తరగతి పెట్టినచో ఒక్కొక్క గదిలో ఒకరో ఇద్దరో మిగులుదురు. పైగా ఏటికొక మెట్టు అను ఆ యేర్పాటు మనము తలచునంత పురాతనమైనది కాదు. అమెరికాలో బాస్టన్ నగరపు క్విన్సీ పాఠశాల 1847-48లో వయస్సును బట్టి వేరు వేరు గదులను, గదికొక ఉపాధ్యాయుని ఏర్పాటు చేసిన పిమ్మటనే పట్టణములందు ఆ పద్ధతి వ్యాపించెను. అంతకుముందు పల్లెలలో ఒకే గది, ఒకే పంతులు, అన్ని వయసుల పిల్లలు.

ఇది మనకును తెలియని వ్యవహారము కాదు. మన వీథిబడి అట్టిదే గదా! 1823లో బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ (తెలుగునకు ఇంగ్లీషులో వ్యాకరణము వ్రాసిన దొర ఇతడే) మదరాసు ప్రభుత్వమునకు పంపిన నివేదికలో, తన జిల్లాయందు 533 బడులును, 6,641 మంది విద్యార్థులును కలరని లెక్కచూపెను. అనగా బడికి సగటున పండ్రెండుగురు. నేటి కో-ఆప్‌లోని రెండు గదుల పిల్లలన్నమాట! ముందు నేర్చినవారు వెనుకటివారికి నేర్పుచు, ఆ నేర్పుటలో తమ చదువును గట్టిపరచుకొను పద్ధతిని ఆయన ప్రశంసించెను. అంతకుముందే ఆండ్రూ బెల్ అను మతాధికారి ఈ పద్ధతిని మదరాసు ఎగ్మూరులోని అనాథ బాలుర శరణాలయములో ప్రవేశపెట్టి, 1797లో లండనులో పుస్తకము ప్రకటింపగా, అది ‘మదరాసు పద్ధతి’యను పేర ఇంగ్లండులో ప్రసిద్ధి కెక్కినది. అయితే మన వీథిబడి అరుగు ఆడపిల్లలకును, అనేక కులములవారికిని అందలేదు. అర్థము తెలియకుండ వల్లెవేయించుటను క్యాంప్‌బెలే తప్పుపట్టెను. కనుక దానిని కీర్తించుట మా యుద్దేశము కాదు. వయసుల కలయిక పనిచేయునని చూపుట మాత్రమే.

అది అన్ని పాఠములకు ఒకే తీరున పనిచేయదు. మెట్టు తరువాత మెట్టు ఎక్కవలసిన విద్యలు కొన్ని: గణితము, పఠనము. వీనిలో వయసులు కలిపిన చిన్నవాడు బెదరును, పెద్దవాడు విసుగుకొనును. అందుచేత అనుభవముగల కో-ఆప్‌లు వీనిని ఇంటికే విడిచిపెట్టును. ఒకే వస్తువును పలువురు తమతమ యెత్తునుండి చూడదగిన పాఠములు మఱికొన్ని. ఉదాహరణమునకు తడిగుడ్డలో చిక్కుడుగింజను మొలకెత్తించు పాఠమును తీసికొందము. ఆరేండ్ల పిల్ల ప్రతిదినము మొలక బొమ్మ గీయును. పదేండ్లవాడు కొలబద్దతో కొలిచి పట్టికలో వ్రాసికొనును. పదమూడేండ్లవాడు ఒక గింజను చీకటిలోను, ఒకదానిని వెలుతురులోను ఉంచి, ఏది యెట్లు పెరుగునో ముందుగా ఊహించి వ్రాసి, ఆ ఊహ తప్పినచో కారణము వెదకును. సిద్ధము చేయు తల్లి శ్రమ ఒక్కటే. అందు కొనునవి మూడు చదువులు.

పండ్రెండు దాటినవారి విషయము వేరు. వారికి ప్రయోగశాల కావలెను, వ్యాసములు దిద్దువారు కావలెను, తల్లికి రాని త్రికోణమితి కావలెను. ఇచ్చట కుటుంబములు కొన్ని డబ్బు కూర్చుకొని ఒక ఉపాధ్యాయుని నియమించుకొనును. అంతకంటె పెద్ద చిక్కు తోడులేమి. పదునాలుగేండ్ల బాలిక ఒక్కతె మిగిలినచో ఆమెను చిన్నపిల్లల గదిలో సహాయకురాలిగా వాడుకొనుట సులభము. ఒక గంట అట్లు చేసిన ఆమెకును మంచిదే. దినమంతయు చేసినచో ఆమె చదువు ఎవరు చెప్పినట్లు? ‘పెద్దది గదా, చూచుకొనును’ అను మాట మన యిండ్లలోను వినబడునదే.

వయసునకు తగిన పఠనశక్తి లేని బాలుని సంగతి ఇంకను సున్నితమైనది. ఎనిమిదింటికి చదువు పట్టుబడని బిడ్డను తొందరపెట్టక వేచియుండుట ఇంటిచదువులలో సాధ్యము. అది దాని గొప్ప సుగుణము. కాని వాడు పదకొండేండ్లవాడై కో-ఆప్‌లో తోటివారి నడుమ కూర్చుండిన దినమున, బిగ్గరగా చదువుమనిన ఒక్క మాట వానిని ఏడాదిపాటు మౌనిని చేయవచ్చును. అడగనిదే ఎవరిచేతను బిగ్గరగా చదివింపరాదను నియమము చిన్నదే గాని, మా దృష్టిలో పాఠ్యప్రణాళికకంటె విలువైనది. అయినను వేచియుండుట వేరు, కనిపెట్టకుండుట వేరు. న్యూయార్కు రాష్ట్రము బోధన ప్రణాళికను, మూడుమాసముల కొకసారి నివేదికను కోరును. టెక్సాసులో అధికారులకు తెలియజేయవలసిన నిర్బంధమే లేదు. లోపము గుర్తింపబడక పెరిగిన బిడ్డ సంగతి అట్టిచోట పరాయి కన్నునకు పడుట కష్టము. వారమునకొకసారి ఇతర తల్లులు చూచు కో-ఆప్ ఆ కొఱతను కొంత తీర్చును. చట్టమునకు సయితము ఈ కలయిక చాలకాలము మింగుడుపడలేదు. ఉత్తర కరోలినాలో ఇంటిబడి అనగా రెండు కుటుంబములకు మించని బడి. బిడ్డ చదువునకై తల్లిదండ్రులు ఇతరుల బోధనను కూడ ఎన్నుకొనవచ్చునని అచ్చట స్పష్టముగా చట్టములో చేరినది 2013లో మాత్రమే.

ఈ యేర్పాటు ఎవరి భుజములపై నిలిచినదో దాచనక్కరలేదు. తల్లుల భుజములపై. దంపతు లిద్దరును ఉద్యోగము చేయు ఇండ్లకు వారములో ఒక పగలంతయు ఇచ్చుట కష్టము. ఒంటరి తల్లికి మఱియు కష్టము. పాఠము చెప్పు తల్లికి జ్వరము వచ్చిననాడు ఆ తరగతియే లేదు.

ఆ దేశమున తెలుగువారు బడి మానిపింపకయే ఇట్టి శ్రమను మఱియొక రూపమున చేపట్టినారు. సిలికానాంధ్ర సంస్థ 2007లో ప్రారంభించిన ‘మనబడి’లో తల్లిదండ్రులే స్వచ్ఛందముగా పిల్లలకు తెలుగు నేర్పుదురు. భాషాబోధనలోను వయసుల చిక్కు తప్పదు. ఇంటిలో ధారాళముగా మాటలాడు ఆరేండ్ల పిల్ల, వినుటయే తప్ప పలుకనేరని పదేండ్ల బాలుడు, ఇద్దరును ‘అ, ఆ’ల వద్దనే మొదలిడవలెను. మాటలో ఆమె పెద్ద, వయసులో వాడు పెద్ద. వానిచేత బలపము పట్టించి ఆమె ప్రక్కన కూర్చుండబెట్టిన తల వంచుకొనును. అక్షరము దిద్దుట ఆమెకు చూపుము, మాట పలుకుట ఆమెవద్ద వినుము అని ఇద్దరికి చెరొక పని అప్పగించినచో తల ఎత్తుకొని కూర్చుండును.