తొలి స్పీడింగ్ టికెట్: దాచితే పెరిగే తప్పు

కాలిఫోర్నియా రాష్ట్రంలో పదహారేళ్లు నిండినవారు కారు నడపడానికి చట్టం అనుమతిస్తుంది కనుక, ఫ్రీమాంట్, శాన్‌హోసె, శాన్‌రామన్ వంటి నగరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా హైస్కూలు చదువు పూర్తికాకముందే స్టీరింగు పట్టుకుంటారు. వారిలో కొందరికి వేగపరిమితి మీరినందుకు పోలీసు అధికారి రాసిచ్చే కాగితం, అంటే స్పీడింగ్ టికెట్, చట్టంతో కలిగే మొదటి పరిచయం అవుతుంది. ఇంట్లో ఎలా చెప్పాలన్న భయం పిల్లలను, పరువు పోయిందన్న బాధ పెద్దలను కలవరపెట్టడం సహజమే గాని, అక్కడి చట్టం ఈ తప్పును దిద్దుకోదగినదిగానే చూస్తుంది. గడువులోగా బదులిచ్చినవారికి అది అనేక మార్గాలు చూపుతుంది. మౌనంగా ఉండిపోయినవారి విషయంలో మాత్రం కఠినంగా వ్యవహరిస్తుంది. కనుక తొలి టికెట్టులో జరిమానా కన్నా ఎక్కువగా భయపడవలసింది దానిని దాచిపెట్టడానికే.

వేగానికి చట్టం గీసిన గీత

కాలిఫోర్నియాలో పద్దెనిమిదేళ్లలోపు వారికి తొలుత ఇచ్చేది ప్రొవిజనల్ లైసెన్సు, అనగా షరతులతో కూడిన అనుమతి. పదిహేనున్నరేళ్లకు లెర్నర్ పర్మిట్ తీసుకొని, కనీసం ఆరు నెలల పాటు పెద్దల తోడుతో, రాత్రివేళ 10 గంటలతో కలిపి మొత్తం 50 గంటలు సాధన చేసిన తరువాతే అది లభిస్తుంది. లభించిన తొలి 12 నెలల్లో తగిన వయసున్న లైసెన్సుదారు పక్కన లేకుండా రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 వరకు కారు నడపడం గాని, ఇరవై ఏళ్లలోపు స్నేహితులను ఎక్కించుకోవడం గాని సాధారణంగా కుదరదు.

వేగం విషయంలో రెండు రకాల నియమాలున్నాయి. గంటకు 65 మైళ్లు, ప్రత్యేకంగా సూచించిన కొన్ని ఫ్రీవేలలో 70 మైళ్లు మించరాదన్నది గరిష్ఠ పరిమితి. ఇళ్ల మధ్య వీధులకు సాధారణంగా 25 మైళ్లే హద్దు. దీనితో పాటు మౌలిక వేగసూత్రం అనే మరో నియమం ఉంది. వాన, పొగమంచు, రద్దీ, రోడ్డు స్థితి వంటివాటిని బట్టి క్షేమకరమైన వేగాన్ని మించి ఎవరూ నడపరాదని అది నిర్దేశిస్తుంది కనుక, బోర్డు మీది అంకె దాటకపోయినా టికెట్ రావడానికి అవకాశం ఉంది.

ఈ కట్టుబాట్లకు భౌతికశాస్త్రమే ఆధారం. కదిలే వాహనంలోని గతిశక్తి, అంటే ఢీకొన్నప్పుడు విధ్వంసంగా మారే శక్తి, వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 65 మైళ్ల వేగాన్ని 80కి పెంచితే ఆ శక్తి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది గాని, పది మైళ్ల ప్రయాణంలో కలిసివచ్చే సమయం రెండు నిమిషాలు కూడా ఉండదు. 65 మైళ్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు సుమారు 95 అడుగులు దాటిపోతుంది కనుక, ఎదుటి ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు మీద కాలు పెట్టేలోపే చాలా దూరం గడిచిపోతుంది. అనుభవం లేని డ్రైవరుకు దానిని గుర్తించడానికే మరికొంత సమయం పడుతుంది.

పోలీసు ఆపినప్పుడు

వెనుక పోలీసు వాహనపు దీపాలు వెలిగినప్పుడు వేగం తగ్గించి, సిగ్నల్ ఇచ్చి, రోడ్డుకు కుడివైపున క్షేమమైన చోట ఆపాలి. మన ఊళ్లలో పోలీసు ఆపగానే బండి దిగి వెళ్లి మాట్లాడటం మర్యాదగా చెల్లుతుంది గాని, అమెరికాలో చెప్పకుండా కారు దిగడాన్ని అధికారి ముప్పుగా భావించే అవకాశం ఉంది. చేతులు కనిపించేలా స్టీరింగు మీదే ఉంచి, లైసెన్సు, రిజిస్ట్రేషను, బీమా పత్రాల కోసం చెయ్యి చాచే ముందు ఆ మాట చెప్పి తీయడం అక్కడి పద్ధతి. జరిమానా అక్కడికక్కడే అధికారికి చెల్లించేది కాదు. డబ్బు ఇవ్వజూపితే అది లంచంగా, అసలు తప్పుకన్నా ఎన్నో రెట్లు తీవ్రమైన నేరంగా పరిణమిస్తుంది.

అధికారి ఇచ్చే పత్రంపై సంతకం పెడితే తప్పు ఒప్పుకున్నట్టేనని చాలామంది యువకులు భయపడతారు. నిజానికి అది నిర్ణీత తేదీలోగా కోర్టుకు బదులిస్తాననే హామీ మాత్రమే. సంతకానికి నిరాకరిస్తే అదుపులోకి తీసుకునే అధికారం పోలీసుకు ఉంటుంది. వాదించదలచినది ఏదైనా ఉంటే దానికి తగిన చోటు కోర్టే కనుక, రోడ్డు పక్కన వాదనకు దిగడం వల్ల ప్రయోజనం ఉండదు.

బదులివ్వడానికి ఉన్న దారులు

సాధారణ వేగోల్లంఘన ఇన్‌ఫ్రాక్షన్ అనే తరగతికి చెందుతుంది. అంటే జరిమానాయే తప్ప జైలుశిక్ష లేని చిన్న ఉల్లంఘన అని అర్థం. దానికి గడువులోగా బదులివ్వకపోవడం మాత్రం మిస్‌డిమీనర్ అనే నేర తరగతిలోకి వెళ్లే వేరొక అభియోగానికి దారితీస్తుంది. వీసా మీద ఉంటున్న కుటుంబాలు ఈ తేడాను ముఖ్యంగా గమనించాలి. కోర్టు నుంచి తపాలాలో రావలసిన ఉత్తరం రాలేదన్నది సాకుగా చెల్లదు కనుక, టికెట్టు మీది తేదీని, కోర్టు పేరును ఆ రోజే చూసి పెట్టుకోవాలి.

మొదటి దారి జరిమానా చెల్లించడం. పరిమితి కన్నా 15 మైళ్ల వరకు మించితే మూల జరిమానా 35 డాలర్లు, 16 నుంచి 25 మైళ్ల వరకైతే 70, అంతకు మించితే 100 డాలర్లు. రాష్ట్రమూ కౌంటీ విధించే అదనపు రుసుములు చేరేసరికి 35 డాలర్ల జరిమానా కూడా 200 డాలర్లు దాటిపోతుంది. ఊరికే చెల్లించడమంటే తప్పు ఒప్పుకోవడమే అవుతుంది కనుక, డీఎంవీ అని పిలిచే మోటారు వాహనాల విభాగపు రికార్డులో ఒక పాయింటు చేరి సుమారు మూడేళ్లు నిలుస్తుంది.

రెండవది ట్రాఫిక్ స్కూలు. జరిమానాతో పాటు అదనపు రుసుము చెల్లించి, డీఎంవీ అనుమతి ఉన్న శిక్షణను పూర్తిచేస్తే ఆ పాయింటు బీమా సంస్థల కంటపడకుండా గోప్యంగా ఉంటుంది. ఈ వెసులుబాటు 18 నెలలకు ఒక్కసారే దొరుకుతుంది. పరిమితిని 25 మైళ్లకు మించి దాటినవారికి న్యాయాధికారి ప్రత్యేకంగా అనుమతించాలి. డ్రైవింగు రికార్డే వాహన బీమా ధరకు మొదటి ప్రాతిపదికగా ఉండాలని 1988లో ఓటర్లు ఆమోదించిన 103వ ప్రతిపాదన నిర్దేశించింది కనుక, తొలి ఉల్లంఘనకు చాలా కుటుంబాలకు ఇదే మేలైన మార్గం.

మూడవది విచారణ కోరడం. టికెట్టులోని వివరాలు నిజంగా తప్పని నమ్మేవారికి ఇది న్యాయమైన హక్కు. రాడార్ రేడియో తరంగాలతోను, లైడార్ కాంతితోను వేగాన్ని కొలుస్తాయి. కొన్ని వీధుల్లో ఆ కొలతను సాక్ష్యంగా చూపాలంటే అక్కడి వేగపరిమితిని సమర్థించే ఇంజనీరింగ్ సర్వే ఉండాలని కూడా చట్టం కోరుతుంది. ఇన్‌ఫ్రాక్షన్ విచారణలో జ్యూరీ ఉండదు. పద్దెనిమిదేళ్లు నిండనివారి విచారణకు తల్లి గాని తండ్రి గాని తోడు రావాలని కొన్ని కౌంటీలు కోరతాయి. ఏ దారి ఎంచుకున్నా డబ్బు చాలనివారు తమ ఆర్థిక స్థితిని తెలిపి తగ్గింపు గాని వాయిదాలు గాని కోరవచ్చు.

తల్లిదండ్రుల పాత్ర

పన్నెండు నెలల్లో రెండు ఉల్లంఘనలు నమోదైన మైనరు డ్రైవరు 30 రోజుల పాటు, లైసెన్సున్న తల్లి గాని తండ్రి గాని, పాతికేళ్లు నిండిన మరో లైసెన్సుదారు గాని తోడు లేనిదే కారు నడపకూడదు. మూడయితే ఆరు నెలలు లైసెన్సు నిలిపివేసి, ఏడాది పాటు పర్యవేక్షణలో ఉంచుతారు. మైనరు లైసెన్సు దరఖాస్తుపై సంతకం చేసిన తల్లిదండ్రులు వారి డ్రైవింగు వల్ల కలిగే నష్టాలకు ఆర్థిక బాధ్యత వహిస్తారు. అవసరమనుకుంటే ఆ లైసెన్సును రద్దు చేయమని కోరే హక్కు కూడా వారికి ఉంది. కనుక ఈ టికెట్టు కుటుంబమంతటికీ సంబంధించినదే.

అలాగని తండ్రి మారుమాట లేకుండా జరిమానా కట్టేసి సంగతి ముగించడం పిల్లలకు మేలు చేయదు, నెలల తరబడి దెప్పిపొడవడమూ మేలు చేయదు. మొదటిది తప్పు ఖరీదును వారికి తెలియనివ్వదు. రెండవది మరుసటిసారి నిజం దాచడాన్ని నేర్పుతుంది. కోర్టు ఉత్తరాన్ని పిల్లల చేతే చదివించి, దారిని వారినే ఎంచుకోనిచ్చి, జరిమానాలో కొంత భాగమైనా వారి సంపాదన నుంచో చేతిఖర్చు నుంచో కట్టించి, గడువు తప్పకుండా మాత్రం పెద్దలు చూసుకోవడం ఉత్తమం. ఆ వేగానికి కారణం ఆలస్యమా, స్నేహితుల ఉత్సాహమా, అలవాటా అని నిదానంగా మాట్లాడుకొని, ఇంటి నుంచి పది నిమిషాలు ముందుగా బయలుదేరడం వంటి మార్పును ఆ రోజునుంచే అమలు చేయడం జరిమానా కన్నా ఎక్కువ ఫలితమిస్తుంది.

ఎవరికీ గాయం కాకముందే, డబ్బుతోను కొన్ని గంటల శిక్షణతోను తీరిపోయే దశలో అందిన హెచ్చరిక ఇది. తప్పు జరిగిన సాయంత్రమే ఇంటికి వచ్చి ఆ మాట చెప్పగల ధైర్యం పిల్లలకు ఉండాలి. ఆ మాటను కోపగించుకోకుండా వినే సహనం ఇంట్లో ఉన్నప్పుడే వారికి ఆ ధైర్యం వస్తుంది.