మగ్గం మింగేసిన హల్లులు

మహారాష్ట్రలోని నాందేడ్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. నేతపని కోసం అటు వెళ్లి స్థిరపడ్డ పద్మశాలీ కుటుంబాల్లో ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. అలాంటి ఇంట్లో జీవితమంతా మరమగ్గాల మధ్య గడిపిన పెద్దాయన డెబ్బై దాటాక అనే మాట ఇది: "వినబడుతోందిరా, అర్థమే కావట్లేదు."

ఆయన అన్నది అక్షరాలా నిజం. మరమగ్గాల షెడ్డులో మోత 90 డెసిబెళ్లు దాటుతుంది. ఏళ్ల తరబడి ఆ హోరులో ఉంటే లోపలి చెవిలోని సన్నని వెంట్రుక కణాలు చచ్చిపోతాయి, మళ్లీ మొలవవు. మొదటి దెబ్బ 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల తగులుతుంది. వినికిడి పరీక్ష గీత అక్కడ గోతిలో పడ్డట్టు దిగుతుంది. అచ్చుల బలం ఎక్కువగా 1000 హెర్ట్జ్ లోపే ఉంటుంది కాబట్టి అవి చెవిన పడతాయి. క, త, స వంటి హల్లుల గుర్తులు పైస్థాయిలో ఉంటాయి, అవి జారిపోతాయి. పప్పు తెమ్మంటే కప్పు తెస్తారు, తప్పు ఆయనది కాదు.

తెలుగు మాట దాదాపు ఎప్పుడూ అచ్చుతో ముగుస్తుంది గనుక హల్లుకు ఆ అచ్చు ఆసరా. మరాఠీలో హాత్ (చేయి), హాక్ (పిలుపు), హాడ్ (ఎముక) హల్లు దగ్గరే ఆగిపోతాయి. ఇంట్లో కంటే బజారులో ఆయన ఎక్కువ తడబడటానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

జారిపోయేది హల్లులే కాబట్టి, అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచే చౌక పెట్టె కొంటే బాగా వినబడే బస్సు హోరు ఇంకా పెరుగుతుంది, హల్లు మాత్రం అడుగునే ఉండిపోతుంది. పైగా ఇలాంటి చెవికి చిన్న శబ్దం అందదు, పెద్దది భరించరానిదవుతుంది. మంచి డిజిటల్ వినికిడి మిషన్ మెల్లని ధ్వనిని ఎక్కువగా, గట్టి ధ్వనిని తక్కువగా పెంచుతుంది. ఏ స్థాయిలో ఎంత పెంచాలో పరీక్ష గీతే చెబుతుంది. అంతకుముందు చెవిలో గులిమి అడ్డుందేమో డాక్టరు చూడాలి. రాత్రికి రాత్రే ఒక చెవి వినిపించకపోతే మాత్రం మిషన్ల మాట పక్కనపెట్టి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

ఆకారం విషయంలో మనవాళ్లకు కనబడకూడదన్న మోజు ఎక్కువ. చెవి లోపల దాగే మిషన్‌కు బ్యాటరీ చిన్నది, గులిమితో మూసుకుపోతుంది, వణికే వేళ్లకు చిక్కదు. చెవి వెనుక పెట్టుకునేది చాలామందికి సరిపోతుంది. జేబు మిషన్ మీటలు పెద్దవే గానీ, మైకు మీద చొక్కా గుడ్డ రాసుకుంటూ గరగరలాడుతుంది.

ఎంత ఖరీదైన మిషనైనా ఓడిపోయేది దూరం దగ్గర. ఆరుబయట దూరం రెట్టింపయిన ప్రతిసారీ ధ్వని 6 డెసిబెళ్లు తగ్గుతుంది. గురుద్వారా వంటి పెద్ద హాల్లో గోడల ప్రతిధ్వని కూడా కలుస్తుంది. అక్కడ పనికొచ్చేది మాట్లాడేవారి దగ్గర పెట్టే చిన్న వైర్‌లెస్ మైకు. మరో దారి, హాలు చుట్టూ తీగ వేసి మైకు ధ్వనిని అయస్కాంత క్షేత్రంగా పంపడం. మిషన్‌లో 'టీ' మీట ఉంటే అందులోని తీగచుట్ట దాన్ని నేరుగా అందుకుంటుంది. కొనేముందు ఆ మీట ఉందా అని అడగాలి.

డబ్బు లేనివారికి ప్రభుత్వ దారులున్నాయి. పేద వృద్ధులకు వినికిడి మిషన్లు కూడా ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన నెల్లూరులోనే మొదలైంది. రెండో దారి ముంబయిలో 1983లో పెట్టిన జాతీయ వినికిడి సంస్థ. దానికి అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. ఆయన హైదరాబాదీ, ఉస్మానియా వైస్ ఛాన్సలర్, తర్వాత మహారాష్ట్ర గవర్నర్. ఆ సంస్థకు సికింద్రాబాద్‌లో కేంద్రం ఉంది.

మిషన్‌ను హైదరాబాద్ వెళ్లి కొనడం గొప్పగానే ఉంటుంది. కానీ మొదటి వారాల్లో గిన్నెల చప్పుడు పిడుగులా ఉంటుంది, సొంత గొంతు కుండలోంచి వస్తున్నట్టుంటుంది. సర్దించుకోవడానికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. ప్రతిసారీ రైలెక్కే ఓపిక లేకపోతే ఊళ్లోని అర్హతగల ఆడియాలజిస్టే మేలు.

ట్రయల్ రోజు మనవడిని వెంట తీసుకెళ్లండి. వెనుక నిలబడి కప్పు, పప్పు, తప్పు అనమనండి. తర్వాత హాత్, హాక్, హాడ్. ఆపైన ఫ్యాను వేసి మరోసారి.