వేసవిలో మిద్దెతోట: వారాంతపు పనులు, ఇరుగుపొరుగు సాయం

ఇంటి మేడ మీద కుండీల్లో, సిమెంటు తొట్లలో, పాత డ్రమ్ముల్లో కూరగాయలు, ఆకుకూరలు, పూలమొక్కలు పెంచడాన్ని తెలుగు పట్టణాల్లో మిద్దెతోట అంటున్నారు. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్ శివారు నారపల్లిలో తన ఇంటి మీద పెంచిన తోట, ఆ అనుభవంతో రాసిన ‘మిద్దెతోట’ పుస్తకం ఈ పేరు వ్యాప్తికి ఎంతో తోడ్పడ్డాయి. ఇటువంటి తోటలకు ఏటా అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో ఎదురవుతుంది. పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటే ఆ రోజుల్లో దిగుబడి మీద ఆశ తగ్గించుకుని, మొక్కను బతికించి తొలకరికి చేర్చడమే ప్రధానమైన పనిగా పెట్టుకోవలసి వస్తుంది. ఉద్యోగస్తులకు ఆ పనికి తీరిక దొరికేది శని, ఆదివారాల్లోనే కాబట్టి, ఆ రెండు రోజులను ఎలా వాడుకుంటారు, ఇరుగుపొరుగు ఎంతవరకు కలిసివస్తారు అన్నదాన్ని బట్టే వేసవిలో తోట నిలుస్తుంది.

నేల మీది మొక్కకూ మిద్దె మీది మొక్కకూ కాసే ఎండ ఒకటే అయినా తగిలే దెబ్బ వేరు. నేలలో వేర్లు లోతుకు దిగి తేమను అందుకుంటాయి. కుండీలోని మట్టికి మాత్రం పైనుంచి ఎండ, పక్కలనుంచి వడగాలి, అడుగునుంచి కాలిన శ్లాబు వేడి ఒకేసారి సోకడంతో అంచుల వెంబడి ఉన్న లేత వేర్లు మాడిపోతాయి. అందువల్ల శనివారం ఎండెక్కక ముందే కుండీలను ఒకదాని నీడ మరొకదాని మీద పడేలా దగ్గరగా జరిపి, ఇటుకల మీదకు ఎత్తి, పడమటి ఎండను సగానికి తగ్గించే షేడ్‌నెట్‌ను కట్టి, మట్టి మీద ఎండుటాకులో కొబ్బరిపీచో రెండు అంగుళాల మందాన పరవాలి. తేమ ఆవిరైపోకుండా మట్టిని ఇలా కప్పి ఉంచడాన్నే మల్చింగ్ అంటారు. తడిమట్టితో నిండిన తొట్టిని కదపడం, గాలికి ఎగిరే నెట్‌ను లాగి కట్టడం ఒక్కరి వల్ల అయ్యే పనులు కావు కనుక పొరుగువారి చేయి మొదట అవసరపడేది ఇక్కడే. చదరపు మీటరు వైశాల్యంలో అడుగు మందాన నింపిన తడిమట్టి సుమారు 500 కిలోలు తూగుతుందని గుర్తుంచుకుని, బరువైన తొట్లను శ్లాబు నడుమ కాకుండా దూలాలు, గోడలు ఉన్నచోటికే చేర్చాలి.

నీళ్లు పెట్టడంలో ఉత్సాహం కంటే వివేకం ముఖ్యం. ఆకుల మీది సన్నని రంధ్రాల గుండా మొక్క నీటిని ఆవిరిగా వదిలే ప్రక్రియను బాష్పోత్సేకం అంటారు. నడిమధ్యాహ్నం ఇది వేర్లు నీటిని పీల్చే వేగాన్ని మించిపోతుంది కాబట్టి, మట్టిలో తడి ఉన్నా ఆకులు వాలిపోయి, పొద్దు వాలాక మళ్లీ నిటారుగా లేస్తాయి. ఈ తాత్కాలికమైన వాడును దాహంగా పొరబడి మళ్లీ మళ్లీ నీళ్లు పోస్తే వేర్లకు గాలి అందక కుళ్లు పడుతుంది. మట్టిలోకి వేలిని రెండు కణుపుల లోతు దింపి, చెమ్మ తగలనప్పుడే నీళ్లు పెట్టడం సులువైన పరీక్ష. తెల్లవారే వేళ నీరు పెట్టడం శ్రేష్ఠం. సాయంత్రం పెట్టవలసి వస్తే, ఎండకు కాగిన పైపులోని నీటిని ముందుగా బకెట్‌లోకి వదిలి, చల్లబడ్డాక మొక్కలకు పోయాలి.

వేసవిలో అన్ని పంటలూ ఒకేలా స్పందించవు. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా వెచ్చగా ఉంటే టమాటా పుప్పొడి శక్తి కోల్పోయి పూత రాలిపోతుంది. బెండ, గోరుచిక్కుడు, తోటకూర, బచ్చలి మాత్రం తగిన నీరు అందితే ఎండను తట్టుకుంటాయి. పొడివేడిలో ఆకుల అడుగున పెరిగే ఎర్రనల్లిని నీటి జల్లుతో కడిగివేయవచ్చు. పిండినల్లికి లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి పిచికారీ చేస్తారు. ఎండలో చేస్తే ఆకులు మాడతాయి కాబట్టి ఆ పనిని సాయంత్రానికే ఉంచుకోవాలి.

సాయంత్రపు పనుల్లో అత్యంత సున్నితమైనది సొరపాదుకు చేతితో పరాగసంపర్కం చేయడం, అంటే మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు అందించడం. సొర తెల్లపూలు పొద్దుగూకే వేళ విచ్చుకుంటాయి. సన్నని పొడవాటి కాడ మాత్రమే ఉన్నది మగపువ్వు, రేకుల కింద నూగుతో కూడిన చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు. మగపువ్వు రేకులను తుంచివేసి, మిగిలిన కేసరాలను ఆడపువ్వు నడుమనున్న కీలాగ్రానికి మెల్లగా రాస్తే పిందె నిలుస్తుంది, లేకపోతే కొద్దిరోజుల్లో పసుపుబారి ఎండిపోతుంది. పాదు మీద ఆడపువ్వు విచ్చిననాడే మగపువ్వు దొరక్కపోతే పక్కింటి పాదునుంచి తెచ్చుకోవచ్చు కనుక, రెండు మేడల మీద రెండు సొరపాదులు ఉండడం ఇద్దరికీ లాభమే. అప్పటికే కోసిన మల్లెమొగ్గలు, గోంగూర, కరివేపాకు చేతులు మారేదీ ఈ వేళలోనే. పూత అయిపోయిన మల్లెకొమ్మల చివర్లు తుంచితే వచ్చే కొత్త చిగుళ్లకు మళ్లీ మొగ్గ కడుతుంది.

ఆదివారాన్ని విత్తనాలకు, నారుకు కేటాయించడం మంచిది. తీగ మీదే పూర్తిగా ఎండి, ఊపితే గలగలలాడే బీరకాయ కొనను విరిచి వంచితే నల్లని గింజలు జలజలా రాలతాయి. వాటిని నీడలో ఆరబెట్టి, బూడిద కలిపి, మూతబిగువైన డబ్బాలో పేరు రాసి దాచాలి. సంకరజాతి మొక్కలనుంచి తీసిన విత్తనం తల్లి గుణాలను అలాగే నిలుపుకోదు కాబట్టి దాచడానికి నాటు రకాలనే ఎంచుకోవాలి. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే సుమారు 14 రోజుల కాలాన్ని కార్తె అంటారు. రోళ్లు పగులుతాయని పేరుపడ్డ రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది, జూన్ 8 ప్రాంతంలో వచ్చే మృగశిరతో వానల మీద ఆశ చిగురిస్తుంది. వంగ, మిరప నారు నాటుకు ఎదగడానికి నాలుగునుంచి ఆరు వారాలు పడుతుంది కాబట్టి మే మూడోవారంలో నీడన పోసిన నారు జూన్ చివరికి అందివస్తుంది. ఒక కుటుంబానికి నాలుగైదు వంగమొక్కలు చాలు, ఒక్క పండిన వంకాయలోనే అంతకు ఎన్నో రెట్ల గింజలుంటాయి. అందువల్ల ఒకరు వంగ, ఒకరు మిరప, మరొకరు టమాటా నారు పోసి పంచుకుంటే శ్రమా, విత్తనమూ రెండూ మిగులుతాయి.

పెళ్లిళ్లకూ సెలవులకూ ఊళ్లకు వెళ్లేదీ ఈ నెలల్లోనే. మట్టికుండను తొట్టిలో మెడవరకు పూడ్చి నీళ్లు నింపితే దాని గోడలగుండా ఊరే తడి రెండు మూడు రోజులు ఆదుకోగలదు గాని, వారం దాటితే మనిషి సాయం తప్పదు. అపార్ట్‌మెంట్లలో మేడ అందరిదీ కాబట్టి తోట పెట్టేముందు నివాసుల సమ్మతి తీసుకోవడం, పై అంతస్తు ఇంట్లోకి తేమ దిగకుండా శ్లాబుకు పూత వేయించడం తోట యజమాని బాధ్యత. ఆ బాధ్యతను నెరవేర్చినవారికి తాళంచెవి అప్పగించి వెళ్లే పొరుగిల్లు దొరుకుతుంది. ఎవరు లేనప్పుడు ఎవరు నీళ్లు పోయాలి, ఎవరు ఏ నారు పోయాలి అన్నవి మార్చి నెలలోనే మాట్లాడుకున్న వీధిలో ఒక ఇంటి తోట ఎండినా, ఆ ఇంటి విత్తనం మరో మేడ మీద బతికే ఉండి, తొలివానకు తిరిగి వస్తుంది.