కెమెరాకు పచ్చి సరుకెందుకు?

పొద్దున్నే కురబలకోట నుంచి మదనపల్లె వెళ్లి, మార్కెట్లో టమోటా కుప్పల్ని వీడియో తీశారనుకోండి. ఇంటికొచ్చి చూస్తే టమోటాలు నీలం తిరిగి ఉన్నాయి! రాత్రి బల్బు వెలుగుకు పెట్టిన రంగు సెట్టింగు మార్చడం మరిచిపోయారు మరి.

మామూలు వీడియో అయితే సరిచేయడం కష్టం. అది వండేసిన కూర. రంగెంత, వెలుగెంత అన్నది కెమెరానే తేల్చేసి, అక్కర్లేదనుకున్న సమాచారాన్ని పారేసి ఉంటుంది. ‘రా’ (పచ్చి) వీడియో మాత్రం బుట్టలోని టమోటా. పప్పులో వేస్తారో, పచ్చడి నూరతారో మీ ఇష్టం. రంగు సెట్టింగు తర్వాత మార్చినా నష్టం ఉండదు.

ఎలా? సెన్సర్ మీద లక్షల గడులుంటాయి. చాలా కెమెరాల్లో ఒక్కో గడి ఒక్క రంగునే కొలుస్తుంది. సగం గడులు ఆకుపచ్చకి, పావు ఎరుపుకి, పావు నీలానికి. ఆకుపచ్చకి అంత వాటా ఎందుకంటే, మన కన్ను ఆ వెలుగునే బాగా పసిగడుతుంది. ఆ కొలతల్ని వండకుండా దాచిపెట్టడమే రా. 8 బిట్ల వీడియోలో ఒక్కో రంగుకు 256 మెట్లే. 12 బిట్ల రాలో 4,096. అందుకే హార్స్‌లీ హిల్స్ మీద సాయంత్రపు ఆకాశాన్ని ఎంత సవరించినా చారలు పడటం తక్కువ.

అయితే వెలుగు మరీ ఎక్కువై గడి నిండిపోతే రా కూడా కాపాడలేదు. పైగా ఫైళ్లు బండెడు. టమోటా ధర చెప్పే రెండు నిమిషాల వార్తకు రా దండగే అంటాను. డాక్యుమెంటరీకైతే వాడాల్సిందే.