అగ్గిపెట్టెంత కెమెరా... తూకానికి వేయకండి!

గద్వాల: అగ్గిపెట్టెలో పట్టే చీర అని గద్వాల నేతకు పేరు. అగ్గిపెట్టెలో పట్టేంత కెమెరాలూ ఒకప్పుడు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జపాన్‌లో వీటిని చౌకగా తయారుచేసి విదేశాలకు పంపారు. వాటిలో ‘హిట్’ రకం పేరుపడింది. దాని ఫిలిం వెడల్పు 17.5 మిల్లీమీటర్లే, అందులో పడే బొమ్మ బొటనవేలి గోరంత! వాల్టర్ జాప్ రూపొందించిన ‘మినాక్స్’ 1938లో రీగా నగరంలో తయారైంది. యుద్ధానంతరం 1948 నుంచి జర్మనీలో తయారుచేశారు. రహస్య కాగితాలను ఫొటో తీసేందుకు గూఢచారులు దీన్ని వాడేవారు.

ఇలాంటివాటిని ముచ్చటపడి సేకరించేవారు నేడు దేశదేశాల్లో ఉన్నారు. తాతల నాటి ట్రంకుపెట్టెలో ఒకటి కనిపిస్తే, ఆటవస్తువనుకొని పాతసామాన్లవాడికి తూకానికి వేయకండి. దానిపై ‘మేడిన్ ఆక్యుపైడ్ జపాన్’ అని చెక్కి ఉంటే, ఆ దేశం పరాయి సేనల ఏలుబడిలో ఉన్న 1945-52 మధ్యకాలపు వస్తువని గుర్తు.

తొందరపడి మూత తెరవవద్దు. లోపల కడగని ఫిలిం ఉంటే వెలుతురు తగిలి పాడవుతుంది. ఫొటోలు కడగడం తెలిసినవారి చేత చీకటిగదిలోనే తెరిపించాలి. తోలు సంచిలో చెమ్మ చేరి అద్దానికి బూజు పడుతుంది. సంచి తీసి పొడిచోట ఉంచాలి. ఇంట్లో మరెక్కడా లేని అవ్వాతాతల ముఖం ఆ ఫిలిం చుట్టలోనే ఉండవచ్చు.