చూలాలి కంచము – బిడ్డ రక్తనాళములు

మా మేళ్లచెరువు ప్రాంతపు పల్లెలలో నేటికిని పెద్దవారల నోట ఒక మాట వినబడుచున్నది: “చూలాలు కడుపునిండ తిన్నచో బిడ్డ లావెక్కి కాన్పు కష్టమగును, ఒక ముద్ద తగ్గించి తినుము.” వైద్యసహాయము దూరమై, ప్రసవము ప్రాణగండముగా నున్న దినములలో పుట్టిన జాగ్రత్త యిది. ప్రేమతో చెప్పినదే. కాని ఆ తగ్గిన ముద్ద లోటు బిడ్డను ఎంతకాలము వెంటాడునో మనము తెలిసికొనవలెను.

గర్భస్థశిశువునకు తల్లి రక్తమునుండి మావి ద్వారా పోషణము చేరును. అది చాలనప్పుడు శిశుదేహము పేదయింటి యిల్లాలివలె పొదుపునకు దిగును. మొదట మెదడునకు పంచి, తక్కిన యవయవములకు తగ్గించును. రక్తనాళములకు సాగుగుణము నిచ్చు ఎలాస్టిన్ అను పోగులు ముఖ్యముగా గర్భము చివరి నెలలలోను, పసితనపు తొలిదినములలోను ఏర్పడును. పిదప చేరునది బహుస్వల్పము. నాళపు లోపొర నైట్రిక్ ఆక్సైడు అను వాయువును పుట్టించి, అవసరమైనప్పుడు నాళమును వెడల్పు చేయును. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలలో ఈ శక్తి సన్నగిల్లుట పలు పరీక్షలలో కనబడినది. నాళములు బిగిసినచో గుండె మరింత శ్రమింపవలసి వచ్చును. నడివయసు రక్తపుపోటునకును, హృద్రోగమునకును ఇది యొక త్రోవ.

మైసూరులోని హోల్డ్స్‌వర్త్ స్మారక వైద్యశాలలో పూర్వము పుట్టినవారిని పెద్దతనమున పరీక్షింపగా, తక్కువ బరువుతో పుట్టినవారిలో హృద్రోగము హెచ్చుగా నున్నట్లు 1996లో వెల్లడి యైనది. అయితే తల్లికి అన్నము పెట్టినచో బిడ్డ నాళములు బాగుపడునా? ఈ ప్రశ్నకు మన తెలుగునేలయే కొంత సమాధాన మిచ్చినది.

1987 మొదలు 1990 వరకు హైదరాబాదు చేరువనున్న 29 గ్రామములలో జాతీయ పోషకాహార సంస్థవారు ఒక పరిశోధన జరిపిరి. 15 గ్రామములలో గర్భిణులకును, ఆరేండ్లలోపు పిల్లలకును అదనపు ఆహార మొసగబడెను. మొక్కజొన్న, సోయాలు కలిసిన పిండితో వండిన ఉప్మా యది. గర్భిణికి దినమునకు సుమారు 500 కెలోరీల శక్తి, 20–25 గ్రాముల మాంసకృత్తులు అందెడివి. తక్కిన 14 గ్రామములకు ఆ పథక మప్పటికి రాలేదు. ఆ పిల్లలలో 1,165 మందిని 13–18 ఏండ్ల ప్రాయమున, 2003–2005 నడుమ, మరల పరీక్షించిరి. ఆహార మందిన గ్రామముల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవైరి. నాళముల బిగువును తెలుపు కొలత వారిలో 3.3 శాతము తక్కువగా నుండెను. మధుమేహమునకు దారితీయు లక్షణమును తక్కువే. డాక్టరు సంజయ్ కిన్రా మొదలగువారు దీనిని 2008లో ప్రకటించిరి. ఇది తల్లికి పెట్టిన ముద్ద ఫలమో, బిడ్డకు పెట్టిన ముద్ద ఫలమో విడదీయుట సాధ్యము కాదు. రెండును కావలసినవే యని మేము గ్రహించితిమి.

సుశ్రుతుడు నాలుగవ నెల గర్భిణిని దౌహృదిని, అనగా రెండు హృదయములు గలది, యని పేర్కొని, ఆమె కోరినది పెట్టుమనెను. మన యిండ్లలోనో, ఇంటిల్లిపాదియు తిన్న పిదప గిన్నె యడుగున మిగిలినదే ఆమె పాలు! అత్తగారలారా, చూలాలికి ముందుగా వడ్డింపుడు. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, పల్లీలు, పాలు, అలవాటున్నచో గ్రుడ్డు, ఇవి అందనివి కావు. మన తెలంగాణమున 2015 జనవరి 1న ఆరంభమైన ఆరోగ్యలక్ష్మి పథకము గర్భిణులకు అంగన్‌వాడీలో ఒకపూట నిండుభోజన మేర్పరచినది. అచట కూర్చుండి తినుట నామోషీ కాదు.

బిడ్డ చిన్నదై పుట్టుటకు రక్తహీనత, రక్తపుపోటు, మిక్కిలి చిన్నప్రాయపు గర్భము వంటి కారణములును కలవు. కావున నెలనెల పరీక్ష మానరాదు, తల్లిని నిందింపరాదు. చిన్నగా పుట్టినవారికి రోగము విధివ్రాత కాదు. వారు పెరిగి పెద్దయైన పిదప స్థూలకాయము రానీయక, పొగాకు ముట్టక, రక్తపుపోటు చూపించుకొనుచుండిన చాలవరకు కాపాడుకొనవచ్చును.

కాన్పు కష్టమును తీర్చుటకు నేడు వైద్యశాల కలదు. గర్భమున బిడ్డ కోల్పోయిన పోషణమును మాత్రము పిదప ఏ వైద్యుడును పూర్తిగా తిరిగి యీయజాలడు.